తోట వైపు గోడ

మొన్న మా వరండాలో ఫ్యాను ప్లగ్గు పనిచేయడం లేదని ఎలక్ట్రీషియన్‌ను పిలిచాము. జనగామలో మా వీధి మొత్తానికి అతనొక్కడే దిక్కు. పిలిచిన రోజు రాడు, మరిచిపోయిన రోజు వస్తాడు. స్క్రూడ్రైవరు మొనతో ప్లగ్గు రంధ్రంలో పొడిచి చూసి, "సార్, దీంట్ల ఆకులున్నయి" అన్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. గులాబీ ఆకును కత్తెరతో కోసినంత గుండ్రంగా కోసి, చిన్న బీడీలా చుట్టి, లోపలికి దోపి ఉంది. ఆకు కోసే ఈగ పని, తేనెటీగ జాతిదే. అది తుట్టె కట్టదు, గుంపుగా బతకదు. వేలు పట్టని బొర్ర ఒకటి దొరికితే చాలు, ఆకు పరుపు పరిచి, పుప్పొడి ముద్ద పెట్టి, గుడ్డు పెట్టి, మూత వేసి తన దారిన తాను పోతుంది. ఒకప్పుడు ఎండిన ఆముదం కాడల్లోనో వెదురు బొంగుల్లోనో ఆ పని చేసేది. మా కాలనీలో ఇప్పుడు ఆముదమూ లేదు, వెదురూ లేదు. ప్లగ్గులున్నాయి. "పీకి పారేస్త సార్, రెండు నిమిషాల పని" అన్నాడతను. వద్దన్నాను. ఆ ప్లగ్గుకు కరెంటు రాకుండా చేసి పొమ్మన్నాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "మనిషికి గాలి లేకున్న మంచిదే, పురుగుకు మాత్రం ఇల్లుండాలె. మేనత్త పోలిక ఏడికి పోతది!" అంది. ఆమె తిట్టాననుకుంది. నేను మెచ్చుకుందనుకున్నాను.

మేనత్త అంటే మా బాపుకు అక్క. జఫర్‌గఢ్ దాటి కొంత దూరం నడిస్తే వచ్చే ఒక ఊళ్ళో ఉండేది. నేను ఆమెను బాగా ఎరిగింది 1969లో. అప్పుడు వరంగల్‌లో డిగ్రీ చదువుతున్నాను. చదువుతున్నాను అనడం మర్యాద కోసమే, ఎందుకంటే ఆ ఏడు కాలేజీలు తెరిచిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువ. ప్రత్యేక తెలంగాణ ఊరేగింపుల్లో మేమందరం ఉన్నాం, రోడ్ల మీద బైఠాయించాం, లాఠీలు తిన్నాం, లారీల్లో ఎక్కించుకుపోయి ఊరి బయట దింపితే పాటలు పాడుకుంటూ నడిచి వచ్చాం. ఒకరోజు నన్ను లారీ ఎక్కిస్తుండగా చూసిన ఎవరో మా బాపుకు చేరవేశారు. ఆయన ఆ వారమే వచ్చి నా పెట్టె సర్దించి, "అత్తమ్మ కాడికి పో. గాడ ఎంత మొత్తుకున్నా బర్రెలు తప్ప ఎవరూ వినరు" అన్నాడు. ఇంకొక హెచ్చరిక కూడా చేశాడు. నాకప్పటికే డైరీ రాసే అలవాటు ఉంది. ఉద్యమం సంగతులు ఒక్క ముక్క కూడా రాయొద్దనీ, పోలీసులు వస్తే ముందు చదివేది అదేననీ చెప్పాడు. రాయకుండా నేను ఉండలేను. అందుకని ఆ ఏడంతా మా అత్త పెరట్లో తిరిగే ఈగల గురించి రాశాను. తెలంగాణ రాష్ట్రం గురించి నా దగ్గర ఒక్క వాక్యం లేదు గానీ, నల్ల తుమ్మెద పొద్దున ఏ వేళకు కొట్టం దూలంలోంచి బయటికి వచ్చేదో మాత్రం పేజీల కొద్దీ ఉంది.

ఆ పెరడు గురించి చెప్పాలి. ఇంటి వెనక పశువుల కొట్టం, దాన్ని ఆనుకుని వంకాయ, టమాట, బీర, సొర వేసే తోట, తోటకు ఒక పక్కన మనిషెత్తు మట్టిగోడ. ఎర్రమన్నులో వరిగడ్డి కలిపి తొక్కి, ఒక వరుస పెట్టి, అది ఆరాక దాని మీద మరో వరుస పెట్టి లేపిన గోడ. మా అత్త ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే అది పాతది. పండుగల ముందు ఊళ్ళో ఆడవాళ్ళందరూ గోడలకు పేడా ఎర్రమన్నూ కలిపి అలికి, సున్నం గీతలు పెట్టేవారు. మా అత్త కూడా పెట్టేది, వీధి వైపు మాత్రమే. తోట వైపు అలికేది కాదు. ఆమె అత్తగారు అలకవద్దన్నదట, ఈమె అలకలేదు, కారణం ఆవిడా చెప్పలేదు, ఈవిడా అడగలేదు. ఇరుగు పొరుగు మాత్రం "సగం గోడ అలికి సగం పండుగ చేస్తది" అని నవ్వేవారు. అలకని ఆ వైపంతా పెన్సిలు పట్టేంత రంధ్రాలు. వాటిలో ఉండేవి ఒంటరి ఈగలు. తేనెటీగకన్నా కొంచెం లావు, బూడిదరంగు బొచ్చు, పొట్ట మీద నీలం పట్టీలు. ఎండ పడితే ఆ నీలం నెమలి మెడలా మెరిసేది. ఒక్కోదానికి ఒక్కో రంధ్రం. పక్కపక్కనే ఉన్నా ఒకదాని ఇంటికి ఇంకొకటి పోదు. సాయంత్రమైతే వాటిలో మగవి ఇంట్లోకి రాకుండా తోట అంచున ఎండు గడ్డికాడను దవడలతో కరుచుకుని వరుసగా వేలాడుతూ నిద్రపోయేవి. మా అత్త వాటిని చూసి, "ఇంట్ల జాగ దొరకని మొగోళ్ళు" అనేది.

ఇవి కాక కొట్టం దూలాల్లో బొటనవేలంత నల్ల తుమ్మెదలు ఉండేవి. కర్రను తొలిచి లోపల గదులు చేసుకునేవి. కింద బర్రె వీపు మీద రంపపు పొట్టు రాలేది. పొలం గట్టు మీద నేలలో రంధ్రాలు చేసుకునే చిన్న ఈగలు ఇంకొక రకం. చీమల పుట్టేమో అనుకుని తొక్కబోతే మా అత్త కసిరేది. వాకిట్లో వేపచెట్టు కొమ్మకు మాత్రం పెద్దీగలు వచ్చి తేనెతుట్టె పెట్టేవి. అవి కొన్ని నెలలుండి, ఉన్నట్టుండి ఒకరోజు లేచిపోయేవి. తుట్టె ఖాళీ. వాటికి ఇల్లంటే ఒక మజిలీ. గోడలో వాటికి, దూలంలో వాటికి, గట్టు మీది వాటికి అట్లా కాదు. పుట్టిన చోటికే మళ్ళీ వచ్చి, ఆ పక్కనే ఇంకొక బొర్ర తవ్వుకునేవి. ఈ తేడా నాకు అప్పుడు కేవలం డైరీలో రాసుకునే ముచ్చట.

మా అత్తకు ఆ తోట అంటే ఎంత ప్రాణమో చెప్పాలంటే ఆ ఊరి అలవాటు ఒకటి చెప్పాలి. మామ చనిపోయాక ఆమెను ఏ శుభకార్యానికీ ముందుకు పిలిచేవారు కాదు. పెండ్లి పందిట్లో వెనక వరుస, బతుకమ్మ ఆడేచోట గట్టు మీద కూర్చోవడం. ఒక్కదానికి మాత్రం ఊరంతా ఆమె గుమ్మం ముందుకు వచ్చేది. కూరగాయల నారు పోయాలన్నా, మొదటి మొక్క నాటాలన్నా ఆమె చెయ్యే పడాలి. "ఆమె చెయ్యి మంచిది" అనేవారు. ఏ ఇంట్లో తోట వేసినా, చాటలో గింజలు పోసుకుని వచ్చి, "పెద్దమ్మా, జర వచ్చి నీ చెయ్యి పెట్టు" అని పిలుచుకుపోయేవారు. ఆ రోజు ఆమె ఉతికిన చీర కట్టుకుని, తల ఎత్తుకుని వీధి మధ్యలో నడిచేది. మిగతా రోజుల్లో గోడ వారగా నడిచే మనిషి. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను, ఆ రెండు నడకలూ ఒక మనిషివి అంటే నమ్మడం కష్టం.

తర్వాత నాకు పశువుల దవాఖానలో కాంపౌండరు ఉద్యోగం వచ్చి కేసముద్రంలో వేశారు. ఎమర్జెన్సీ నడుస్తున్న రోజుల్లో మా బావ, అంటే అత్త కొడుకు, ట్రాక్టరు కొన్నాడు. ఊళ్ళో అదే మొదటిది. ఆయనకు దాని మీద ఎంత మురిపెం అంటే, చెరువు దాకా పోవాలన్నా ట్రాక్టరు మీదనే పోయేవాడు. కొట్టం కప్పు తీసేసి రేకులు వేయించాడు, దూలాల జాగాలో ఇనుప పైపులు నిలబెట్టాడు. పొలం గట్లు దున్ని చిన్న మళ్ళన్నీ ఒక్కటి చేశాడు. ఇక మిగిలింది ఆ గోడ. ట్రాక్టరు పెరట్లోకి రావాలంటే అది అడ్డం. మా అత్త ఒప్పుకోదని ఆయనకు తెలుసు. శివరాత్రికి ఆమె లంబాడీ తండా నుంచి వచ్చే తన సోపతి, అంటే స్నేహితురాలితో కలిసి కురవి జాతరకు పోయింది. తిరిగి వచ్చేసరికి గోడ లేదు.

ఆ రోజే నేను సెలవు మీద అక్కడికి వచ్చాను. నేను బస్సు దిగి నడిచి వచ్చేసరికే గోడ పని అయిపోయింది. మా బావ దొంగతనం చేసినవాడిలా లేడు, కొడుకుగా చేయాల్సిన పని చేసినవాడిలా ఉన్నాడు. పాతగోడ మన్ను చేనుకు బలం అని మా వైపు అందరికీ తెలుసు. పాటిమన్ను అంటారు. కూలిన ఇళ్ళ మన్నును బండ్లతో తోలి పొలాల్లో పోసుకుంటారు. ఊరిలో అందరి లెక్కా ఒకటే. మా అత్త తోట అంత కాస్తున్నదంటే ఆ ముసలి గోడ మన్ను ఏటేటా వానకు కరిగి మడుల్లోకి దిగడం వల్లనే. ఇప్పుడు గోడంతా తీసి మడుల్లోనే పోస్తే ఇంకెంత కాస్తుంది! వచ్చిన పెద్దమనుషులందరూ మెచ్చుకున్నారు. మా అత్త బండి దిగి, ప్రసాదం సంచి భుజాన ఉండగానే నిలబడి చూసింది.

"నన్ను అడిగినవా రా?"

"నువ్వు లేవు గద అవ్వా."

"నేను లేనప్పుడే ఎందుకు కూలగొట్టినవు?"

"నీ తోటకే పోసిన గద మన్నంత! పిరికెడు కూడ పొలంల పొయ్యలే. గీయేడు చూడు, వంకాయలు తెంపలేక పరేషాన్ అయితవు."

ఆమె సంచి దించింది. ప్రసాదం అందరికీ పెట్టింది, మా బావకు కూడా పెట్టింది. కానీ ఆ పూట అన్నం తినలేదు.

వానాకాలం వచ్చింది. మొక్కలు మా బావ చెప్పినట్టే పెరిగాయి. నల్లగా, బలంగా, నడుమెత్తు లేచాయి. పూత విరగబూసింది. తర్వాత ఆ పూత తొడిమతో సహా రాలడం మొదలైంది. పొద్దున చూస్తే మడుల నిండా ఊదారంగు పూలు. నిలిచిన నాలుగు కాయలు వంకర తిరిగి, గింజ పట్టక, పిడికెడైనా కాలేదు. మా బావ పురుగనుకుని డబ్బా మందు తెచ్చి చల్లాడు. ఆ తర్వాత ఇంకా రాలింది. ఊళ్ళో మాట పుట్టడానికి ఎంతసేపు? "పెద్దమ్మ చేతిల ఇదివరకటి గుణం లేదు" అన్నారు. ఎదురుగా అనలేదు. దసరా దాటాక, యాసంగి, అంటే చలికాలపు కూరగాయలకు నారు పోసే రోజులు వచ్చాయి. చాటలు పట్టుకుని ఆడవాళ్ళు మా అత్త గుమ్మం దాటుకుని వీధి చివర ఇంకొక ఇంటికి పోయారు. నేను సెలవు మీద వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాను. ఆమె ఉతికిన చీర కట్టుకుని లోపల ఉంది. ఎవరూ పిలవలేదు. మధ్యాహ్నం దాకా చూసి, ఆ చీర విప్పి దండెం మీద వేసి, పాత చీర కట్టుకుని బర్రెకు గడ్డి వేయడానికి పోయింది.

అటు తర్వాత రెండు రోజులకు తండా సోపతి వచ్చింది. ఆమె కూడా మా అత్త ఈడుదే. చేతుల నిండా తెల్ల గాజులు, నెత్తి మీద గంప. వాళ్ళ ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది వాళ్ళ భాష, మా అత్తతో మాత్రం మా అత్త భాష. గంప దించి, "అక్కా, ఇగో" అంది. గంప నిండా వంకాయలు. నున్నగా, గుండ్రంగా, కంటికి ఇంపుగా.

"ఏడివే చెల్లె ఇవి?"

"ఏడివేంది? నువ్వు పోసిన నారే గద. మొన్న వానలకు నువ్వే వచ్చి మొదటి మొక్క పెట్టిపోయినవు."

మా అత్త ఒక కాయ తీసి అటూ ఇటూ తిప్పింది. "నా నారు నా తోటల పూత రాలుస్తది, నీ తండాల కాస్తదా? గిదేం నారు? తిన్నింటి వాసాలు లెక్కపెట్టేటట్టున్నది!" అంది. ఆ తర్వాత నా వైపు తిరిగింది. ఆ కళ్ళలో చాలా రోజుల తర్వాత వెలుగు చూశాను. "అల్లుడా, నారు గదే. చెయ్యి గదే. మరి ఊరోళ్ళు నా చేతినెందుకు అంటున్నరు?"

నా కాంపౌండరు బుద్ధి వెంటనే పనిలో దిగింది. మన్ను వేరు, నీళ్ళు వేరు, ఎరువు వేరు అని వేళ్ళు మడుస్తూ చెప్పబోయాను. గోడమన్నులో ఉప్పు ఎక్కువై ఉంటుందన్నాను. ఉప్పెక్కువైతే మొక్క అంత బలంగా ఎట్లా లేస్తుందని ఆమె అడిగింది. "నీ తెలివి బర్రెల కాడ చూపెట్టు. ముందుగాల నడువు, పోయి చూద్దం" అంది. మర్నాడు పొద్దున ముగ్గురమూ తండాకు నడిచాము.

సోపతి తోట మా అత్త తోటలో సగం ఉండదు. ఒక పక్కన ఆమె పాత గుడిసె తాలూకు మొండిగోడ, ఇంకొక పక్కన ఎవరూ దున్నని బోడు నేల, దాని మీద తంగేడు పొదలు. మా అత్త వంగ మళ్ళ మధ్యలో చతికిలబడి కూర్చుంది. ఏమైనా చూస్తుందేమో అనుకున్నాను. ఆమె చూడలేదు, తల వంచి వింటూ కూర్చుంది. నీలం పట్టీల ఈగ ఒకటి వచ్చి వంకాయ పువ్వును కాళ్ళతో కావలించుకుని వేలాడింది. రెక్కలు ఆడించకుండానే ఒళ్ళంతా వణికించింది. జుమ్ మని సన్నటి మోత. ఆగి, మళ్ళీ జుమ్. ఇంకొక పువ్వు మీద ఇంకొకటి. "గిదే" అంది మా అత్త. "గీ సప్పుడు మా తోటల వినవడ్తలేదు. గోడ పోయినకాంచి వినవడ్తలేదు. నేనేమొ చెవులు పోయినయనుకున్న."

సోపతి పగలబడి నవ్వింది. "చెవులు పోతె వంగపూత రాల్తదా అక్కా!"

సంగతి ఏమిటో నేను తర్వాత పుస్తకాలు చూసి తెలుసుకున్నాను, ఇక్కడే చెప్పేస్తాను. వంకాయ పువ్వు తన పుప్పొడిని పైకి పరచదు. ఉప్పు డబ్బాలో ఉప్పులా సన్నటి గొట్టాల్లో దాచి, కొసన చిన్న చిల్లి మాత్రం పెడుతుంది. పట్టుకుని గట్టిగా వణికిస్తేనే రాలుతుంది. టమాటా అంతే, తంగేడూ అంతే. వేపచెట్టు మీది పెద్దీగకు ఆ విద్య రాదు. గోడలో ఉండే నీలం పట్టీల దానికి వచ్చు, దూలంలో ఉండే నల్ల తుమ్మెదకు వచ్చు, గట్టు మీది చిన్నవాటిలో కొన్నిటికి వచ్చు. గాలికి కొంత రాలుతుంది గానీ గాలిని నమ్ముకున్న కాయ వంకరగానే ఉంటుంది. మా బావ ఒక్క ఏడాదిలో గోడ తీశాడు, దూలాలు తీశాడు, గట్లు దున్నాడు. ఎవరిమీదా కోపంతో కాదు. అవి ముగ్గురి ఇళ్ళని ఆయనకు తెలియదు. పెద్దీగలు మాత్రం ఎప్పటిలాగే వచ్చి వేపకొమ్మకు తుట్టె పెట్టాయి కాబట్టి, ఈగలు లేవన్న అనుమానం కూడా ఎవరికీ రాలేదు.

ఆ పొద్దు ఇంటికి తిరిగి నడుస్తూ మా అత్త ఒక్క మాటే అంది. "గోడ పెడ్త."

"ఏడ?" అన్నాను.

"ఏడ ఉండెనో గాడ."

గాడ అంటే ట్రాక్టరు దారి. అది దేశంలో పెద్దవాళ్ళు కూడా నోరు మూసుకుని ఉన్న కాలం. మా బావ పంచాయతీ సమితి రాజకీయాల్లో అప్పుడప్పుడే పైకి వస్తున్నాడు. దీపావళి పోయి వానలు పూర్తిగా ఆగాక, ఆయన పొలానికి పోయిన ఒక పూట, మా అత్తా, సోపతీ తండా నుంచి వచ్చిన ఇద్దరు కూలీలతో మన్ను తవ్వించి, గడ్డి కలిపి, కాళ్ళతో తొక్కి, ట్రాక్టరు దారికి అడ్డంగా మోకాలెత్తు వరుస పెట్టేశారు. సాయంత్రం ట్రాక్టరు వచ్చి దాని ముందు ఆగింది. హారన్ కొట్టింది. మా అత్త ఆ పచ్చి గోడ పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఆదివారం కావడంతో నేనూ వచ్చి ఉన్నాను. అంతకు ముందు నన్ను అడిగింది కూడా, "గప్పుడు మీరు రోడ్డు మీద ఎట్ల కూసున్నరు? చేతులు గట్టిగ పట్టుకునేటిదా, ఊకెనే కూసునేటిదా?" అని. చేతులు పట్టుకోవాలని చెప్పాను. సోపతి చేయి పట్టుకుని కూర్చుంది.

"అవ్వా, ఏంది గిది?" మా బావ దిగాడు. వీధి జనం అప్పటికే గుమిగూడారు.

"కండ్లు లేవా? గోడ."

"మరి ట్రాక్టర్ ఏడ పెట్టాలె?"

"నీ ట్రాక్టరుకు చక్రాలున్నయి. ఏడికన్న పోతది, ఏడనన్న పంటది. గోడల ఈగ ఏడికి పోవాలె?"

"ఈగకు రెక్కలున్నయి గదనే!"

"రెక్కలుంటే ఇల్లొద్దా? నీకు కాళ్ళున్నయి, నువ్వు ఇల్లెందుకు కట్టుకున్నవు?"

జనం నవ్వారు. ఎవరో వెనక నుంచి, "పెద్దమ్మా, ఈగలు ఓటేస్తయా?" అన్నారు. ఆమె తల తిప్పకుండానే, "అవి ఏసినా నీకు ఎయ్యవు తియ్" అంది. మా బావ నా వైపు చూశాడు. "బామ్మర్దీ, చదువుకున్నోనివి, జర నువ్వన్న చెప్పు" అన్నాడు. నేను చెప్పాను, గోడ పక్షాన చెప్పాను. ఆయన ఆ తర్వాత నాతో చాలా కాలం ముభావంగా ఉన్నాడు. ట్రాక్టరు ఆ రాత్రికి వాకిట్లో వేపచెట్టు కింద ఉంది. మర్నాడు పొద్దున దారిన పోయేవాళ్ళు ఒక్కొక్కరే ఆగి, దాని చుట్టూ తిరిగి, చక్రం మీద చెయ్యి వేసి చూసి పోతుంటే, మా బావకు ఒక సంగతి అర్థమైంది. పెరట్లో ఉంటే ట్రాక్టరు తనొక్కడికే కనబడుతుంది, వాకిట్లో ఉంటే ఊరంతటికీ కనబడుతుంది. అటు తర్వాత ఆయన దాన్ని పెరట్లోకి తీసుకుపోతానన్న మాట ఎత్తలేదు. దయతో ఒప్పుకున్నాడని నేను అనను. ఆమె కదలలేదు, ఆయన చుట్టూ తిరిగిపోయాడు.

గోడ నిలబడింది గానీ ఈగలు రాలేదు. కొత్త గోడ నున్నగా, ఖాళీగా ఉంది. మా అత్త రోజూ పోయి చేత్తో తడిమి చూసేది. పాలు కాచి పెట్టుకుని తోడు కోసం పక్కింటికి పోవడం ఎవరికైనా తెలిసిన పనే. గోడకు తోడు వేయాలన్న ఆలోచన మాత్రం ఆ ఇద్దరు ఆడవాళ్ళకే వచ్చింది. సోపతి తన మొండిగోడలో ఈగల గుడ్లు, పిల్లలు ఉన్న రంధ్రాల పెళ్ళలు కొన్ని గడ్డపారతో ఊడదీసి, పగలకుండా గంపలో గడ్డి మీద పెట్టుకుని నెత్తి మీద మోసుకుని వచ్చింది. కొత్త గోడలో అక్కడక్కడ గూళ్ళు తవ్వి, ఆ పెళ్ళలను తడిమన్నుతో అందులో కూర్చారు. రంధ్రాలు మూసుకుపోకుండా చుట్టూతా వేలితో మెత్తి, తోట వైపు అలకకుండా వదిలేశారు. కొట్టం మూలన మా బావ పారేసిన పాత దూలం ముక్కలు రెండు మా అత్త గోడ మీద అడ్డంగా పెట్టించింది. గట్టు ఒకటి, తన తోట పక్కది, దున్నవద్దని ట్రాక్టరు డ్రైవరుకు వేలెత్తి చూపించి చెప్పింది. అతను మా బావ మాట కన్నా ఆ వేలికే ఎక్కువ భయపడేవాడు.

మొదటి ఏడు కొన్నే వచ్చాయి. కాయ కొంత నిలిచింది. రెండో ఏడు నేను సెలవు మీద పోయినప్పుడు, సాయంత్రం తోట అంచున గడ్డికాడకు మగ ఈగలు వరుసగా వేలాడుతున్నాయి. నల్ల తుమ్మెదలు మాత్రం చాలా కాలం రాలేదు. ఒక ఇల్లు తిరిగి కట్టినంత మాత్రాన పోయిన వాళ్ళందరూ ఒక్కసారే రారు.

ఆ తర్వాత నన్ను మానుకోట వైపు వేశారు, ఇంకొన్నాళ్ళకు భూపాలపల్లి పక్కకు. పశువుల వెంట తిరిగే ఉద్యోగం కాబట్టి దారులన్నీ చూశాను. బయ్యారం దగ్గర రోడ్డుకోసం మొరం తవ్విన గుంతల ఒడ్లలో నీలం పట్టీల ఈగలు కొత్తగా ఇళ్ళు పెట్టడం చూసి ఆశ్చర్యపోయాను. మనిషి తవ్విన ప్రతి గుంతా వాటికి నష్టం కాదు. అదే నేలను ట్రాక్టరుతో లోతుగా దున్నిన చోట, నేలలో ఉండేవి ఒక్కటీ కనబడలేదు. భూపాలపల్లిలో బొగ్గు కోసం అడవి కొట్టేస్తున్న రోజులు. పెద్దీగలు చెట్టు పోతే నీళ్ళ ట్యాంకు అంచుకు ఎక్కి తుట్టె పెట్టాయి. చెట్టు తొర్రల్లో ఉండే, కుట్టని చిన్న ఈగలు, తొర్ర వాకిట్లో బంకతో గొట్టం కట్టుకునేవి, అవి మాత్రం మొద్దులతో పాటు లారీ ఎక్కి పోయాయి. సెలవుకు వచ్చినప్పుడు ఇదంతా మా అత్తకు చెప్పాను. పెద్దీగలు ట్యాంకు ఎక్కాయంటే, "గట్లుండాలె!" అని చప్పట్లు కొట్టింది. తొర్ర సంగతి చెబితే చేతిలో పని పక్కన పెట్టింది. తర్వాత, "ఒక్క తొర్రచెట్టునన్న కొట్టకుండ ఉంచుమని అడిగినవా?" అంది. అడిగానన్నాను. నిజంగానే అడిగాను. మా క్వార్టరు వెనక ఒక్క ఇప్పచెట్టు నిలిచింది, నేను అక్కడ ఉన్నన్నాళ్ళూ దాని జోలికి ఎవరినీ రానివ్వలేదు. అది ఆమె పెంపకం.

ఇక ఊరి సంగతి. మా అత్త తోట మళ్ళీ కాస్తున్నదని ఊరికి తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఈలోగా మిగతా ఇళ్ళలో మట్టిగోడలు పోయి సిమెంటు గోడలు లేస్తున్నాయి, తోటల్లో పూత రాలుతున్నది, ఎవరి చేతినో ఒకరి చేతిని తిట్టుకుంటున్నారు. ఒకరోజు పొద్దున, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు చాటలో గింజలు పోసుకుని మా అత్త గుమ్మం ముందు నిలబడ్డారు. ముందు నిలబడింది వీధి చివరి ఇంటి కోడలు. "పెద్దమ్మా, జర వచ్చి నీ చెయ్యి పెట్టు" అంది, నడుమ ఆ ఏళ్ళే లేనట్టు. నేను మా అత్త ముఖం చూశాను. ఎన్నేళ్ళుగా ఎదురుచూసిన పిలుపు! వెంటనే లోపలికి పోయి చీర మార్చుకుంటుందనుకున్నాను.

ఆమె కూర్చున్న చోటు నుంచి లేవలేదు. "చేతిల ఏం లేదే" అంది. "చెయ్యి గప్పుడు గిదే, గిప్పుడు గిదే. పూత రాలిన్నాడు నన్నన్నరు, నేను విన్న. నేను రావాలంటె ముందుగాల మీ తోటల వైపు మన్ను గోడ పెట్టుండ్రి."

"గోడ ఉన్నది గద పెద్దమ్మా, మొన్ననే కట్టినం. సిమెంటుది."

"అది నీ కోసం పెట్టుకున్నవు. తోట కోసం ఇంకోటి పెట్టు. మనిషెత్తు అక్కరలేదు, నడుమెత్తు చాలు. తోట మొకం అలకొద్దు."

"గింతదానికి గోడ ఎవలు పెడ్తరు?" అని వెనకున్న ఒకామె గొణిగింది.

"పెట్టకుంటె పోండ్రి. వంకాయలు అంగట్ల దొరుకుతయి."

వాళ్ళు చాట ఎత్తుకుని పోయారు. మా బావ లోపలి నుంచి వచ్చి, "పిలవక పిలవక పిలిస్తే గట్లంటవా అవ్వా?" అని తల కొట్టుకున్నాడు. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చుంది. కొన్నాళ్ళ తర్వాత వీధి చివరి ఇంటి కోడలు మళ్ళీ వచ్చింది. ఈసారి చాట లేదు, మోచేతుల దాకా ఎర్రమన్ను. "పెట్టినం పెద్దమ్మా. వంకరొచ్చింది" అంది. మా అత్త లేచి, ఉతికిన చీర కట్టుకుని, తన గోడలోంచి రంధ్రాలున్న ఒక పెళ్ళను జాగ్రత్తగా ఊడదీసి, గంపలో పెట్టుకుని వీధి మధ్యలో నడిచింది. నేను వెనక నడిచాను. ఆ వంకర గోడలో ముందు పెళ్ళను కూర్చింది, తర్వాతనే మొదటి మొక్క నాటింది. అటు తర్వాత ఆ ఊళ్ళో ఆమెను పిలిచిన ప్రతి ఇంటా అదే వరుస. నవ్విన ఇళ్ళూ ఉన్నాయి, గోడ పెట్టని ఇళ్ళే ఎక్కువ. వాళ్ళ కోసం ఆమె ఒక్క మెట్టు కూడా దిగలేదు.

కాలం అన్నిటినీ తోసుకుంటూ పోతుందని అందరూ అంటుంటే వింటుంటాను. పోనీ, ఆపమని నేనూ అనను. కానీ దానికి అడ్డంగా మోకాలెత్తు పచ్చిమన్ను పెట్టి పక్కన కూర్చుంటే, అది కూడా కాసేపు హారన్ కొట్టి, చుట్టూ తిరిగి పోవడం నేను నా కళ్ళతో చూశాను.